అవతలి కొస

కొసాయనకి ఏ పని చేయాలన్నా అవతలి కొస పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. మంచం జరపడానికి కావాలి, సరే. దుప్పటి మడతపెట్టడానికి కావాలి, అదీ సరే. కానీ చేతిరుమాలు ఆరేయడానికి కూడా రెండో మనిషిని కేకేసే పెద్దమనిషిని ఆ వీధి అంతకుముందు చూసి ఎరగదు. అందుకే ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద మిగిలిపోయి, మనిషి మాత్రం అందరి నోటా కొసాయన అయిపోయాడు.

ఒకసారి బట్టల తాడు కట్టాలని ఎదురింటి లెక్కల మాస్టారిని పిలిచి, తాడు ఒక కొస కిటికీ ఊచకి కట్టి, రెండో కొస ఆయన చేతికిచ్చి, మేకు తెస్తానని లోపలికి వెళ్లాడట. మేకు దొరకలేదు. సుత్తి దొరికింది గానీ దాని పిడి ఊగుతోంది. ఆ పిడి బిగించి, మేకు వెతికి, బయటికి వచ్చేసరికి ముప్పావుగంట అయింది. మాస్టారు తాడు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు. ఈలోగా పక్కింటివాళ్లు ఆ తాడు మీద రెండు తువ్వాళ్లు కూడా ఆరేశారు.

ఇంకోసారి పక్క వాటాలో కొత్తగా దిగిన నర్సుని నిచ్చెన పట్టుకోమన్నాడు. ఆ నిచ్చెన రెండు గోడల మూలలో ఇరుక్కుని ఉంది. భూకంపం వచ్చినా పడేది కాదు. అయినా ఆవిడ రెండు సాయంత్రాలు దాన్ని పట్టుకుంది. నిచ్చెన దిగేలోపు కొసాయన వీధిలో ఏ ఇంట్లో ఎవరుంటారో, ఎవరి కుక్క కరుస్తుందో, ఎవరిది ఉత్త అరుపో అన్నీ ఆవిడకి చెప్పేశాడు.

ఆయన తోడల్లుడు గుమాస్తాకి ఈ అలవాటు మొదటినుంచీ గిట్టేది కాదు. కోర్టు రికార్డు గదిలో ముప్పైరెండేళ్లు ఒంటరిగా పనిచేసిన మనిషి ఆయన. కాగితాల కట్టల్ని ఒక్కచేత్తో అదిమిపట్టి, రెండో చేత్తో తాడు చుట్టి ముడివేసేవాడు. ముప్పైరెండేళ్లలో ఎవరినీ వేలు పెట్టనివ్వలేదు. బస్సు డిపోలో ఫిట్టరుగా రిటైరైన కొసాయన అన్నేళ్లు ఉద్యోగం ఎలా వెలగబెట్టాడో, డిపోలో సగంమంది ఆయన కొసలు పట్టుకోవడానికే సరిపోయి ఉంటారని గుమాస్తా భార్యతో అనేవాడు. ఆవిడ బావగారిని వెనకేసుకొచ్చేది. ఆవిడ కిందటి వానాకాలంలో పోయింది.

అప్పటినుంచి గుమాస్తా ముందుగది కర్టెను తియ్యలేదు. మేడమీద ఆవిడ పెంచిన కుండీలు మాత్రం ఉన్నాయి. లెక్కపెడితే డెబ్బైరెండు. గులాబీలు, మల్లెలు, క్రోటన్లు, పెయింటు డబ్బాలో ఒక నిమ్మచెట్టు. ఆయన రోజూ పైకెళ్లి తలవంచుకుని నీళ్లు పోసి, తలవంచుకునే దిగి వచ్చేవాడు. ఏది పూసిందో, ఏది ఎండిందో చూసేవాడు కాదు.

అలా ఉండగా ఇంటి యజమాని వచ్చాడు. ఇల్లు పడగొట్టి కొత్తది కడుతున్నారట, రెండు నెలల్లో ఖాళీ చేయాలట. గుమాస్తా ఇంకో వీధిలో మూడో అంతస్తులో రెండు గదులు చూసుకున్నాడు. ఆ బాల్కనీలో ఒక మనిషి నిలబడితే రెండో మనిషి లోపలికి వెళ్లిపోవాలి. కుండీల సంగతి అడిగితే, వదిలేసి వెళ్లండి, శిథిలాలతో పాటు అవీ పోతాయి అన్నాడు యజమాని. ఆయన మంచివాడే. ఏదో సాయం చేస్తున్నాననుకునే అన్నాడు. గుమాస్తా తల ఊపాడు.

ఆ వారంలోనే ఒకరోజు సరిగ్గా తొమ్మిది గంటలకి కొసాయన గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. చేతిలో కొలత టేపు ఉంది.

"తమ్ముడూ, ఒక్కసారి వచ్చి ఈ కొస పట్టుకుంటావా?"

"ఏం కొలుస్తున్నారు అన్నయ్యా?"

"ఇరుసు. పాత కార్ల దొడ్లో దొరికింది. కారుకి వెనక తగిలించే ట్రైలర్ చేద్దామని."

"దేనికి?"

"దేనికంటే... ఏదైనా మొయ్యడానికి."

కాదనడానికి పట్టే సమయం కంటే కొస పట్టుకోవడానికి పట్టే సమయమే తక్కువని గుమాస్తాకి అనుభవం. చెప్పులు వేసుకుని బయల్దేరాడు. అయిదు నిమిషాల పని అనుకున్నాడు. అది రెండు నెలల పని అయింది.

కొసాయన పెరడు అంతా పారేసిన సామానుతో నిండి ఉండేది. ఆయన మాత్రం వాటిని తుక్కు అననిచ్చేవాడు కాదు. "రిటైరయ్యాయి, అంతే" అనేవాడు. ఇరుసు ఒక ముసలి కారుది. దాని మీద కూర్చుని కుదుపుల్ని ఆపే కమాను కట్టలు పాల వ్యానువి. చట్రం కోసం ఆసుపత్రివాళ్లు మార్చేసిన ఇనప మంచాలు రెండు తెచ్చాడు. అడుగుకి ఒక బడిలో పాతబడిన నల్లబల్ల. దాని మీద సుద్దతో రాసిన ఎక్కాలు చెరిపినా పూర్తిగా చెరగలేదు. ఏడు ఎనిమిదుల దగ్గర జవాబు మాత్రం ఎవరో తుడిచేశారు. వానకి నానకుండా రెండు పూతలు వార్నిష్ వేస్తే ఆ అంకెలు చెరువు అడుగున గులకరాళ్లలా కనిపించాయి.

ఈ ప్రతిదానికీ ఒక అవతలి కొస ఉండేది. అది గుమాస్తా చేతిలో ఉండేది. గీత కొట్టడానికి సుద్దదారం లాగితే ఆ చివర ఆయన. బోల్టు బిగిస్తే అటు తల తిరగకుండా పానా పట్టుకుని ఆయన. ఒకరోజు గంటసేపు ఒక వైరు కొస పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత చూస్తే రెండో కొస దేనికీ తగిలించి లేదు, బల్లమీద చుట్టగా పడుకుని ఉంది.

మరొకరోజు కొసాయన ఏకంగా ఒక చక్రం తెచ్చి ఒళ్లో పెట్టాడు.

"అన్నయ్యా, చక్రానికి కొస ఎక్కడుంది?"

"లేదు. అందుకేగా దాన్ని పట్టుకోవడం కష్టం" అని, కొసాయన బేరింగులో గ్రీజు నింపే పనిలో పడ్డాడు.

అయితే ఈ ఉద్యోగంలో ఒక చిత్రం ఉంది. కొస పట్టుకున్నవాడు చేతిని కదపకూడదు, అంతకుమించి పనేమీ లేదు. చెయ్యి కదలకుండా ఉంటే మనసు ఊరికే ఉండదు కదా. పెరటిగోడ మీదినుంచి పొద్దుటి ఎండ ఏటవాలుగా దిగేది. ఆకురాయి కింద రాలిన ఇనప రజను ఆ ఎండలో గాలికి లేచి మెరిసేది. గుమాస్తా టేపు కొస పట్టుకుని, కళ్లు సగం మూసి, ఎక్కడెక్కడికో వెళ్లిపోయేవాడు.

ఆ దారి పట్టించింది కొసాయనే. ఇంకా చక్రాలు కూడా బిగించని బండి గురించి అది నిన్ననే ఊరు తిరిగొచ్చినట్టు మాట్లాడేవాడు. ముందు ఏటి ఒడ్డు రోడ్డు మీద పోదాం అనేవాడు. అక్కడ రెల్లు పూసే రోజుల్లో రెండు పక్కలా తెల్లగా ఉంటుంది, మబ్బులో పోతున్నట్టే ఉంటుంది. ఆ తర్వాత సముద్రం. ట్రైలర్‌లో రెండు పడక కుర్చీలు, ఒక స్టవ్వు. టీ కాచుకుని తాగి, ఎవరూ లేపనిచోట నిద్రపోవడం.

మొదట్లో గుమాస్తా వీటికి జవాబిచ్చేవాడు కాదు. రెండోవారంలో, కుర్చీలు గాలికి ఎగిరిపోవా అని అడిగాడు. మూడోవారంలో కళ్లజోడు పెట్టుకోవడానికి చిన్న అర ఉంటే బాగుంటుందన్నాడు. కొసాయన ఆ అర చేశాడు. పాత కుట్టుమిషను సొరుగు తెచ్చి పక్కన బిగించాడు. నాలుగోవారంలో గుమాస్తా ఎవరూ ఊహించనిది అడిగాడు: వెనక తలుపు కిందికి దించితే ఒక మనిషి కాళ్లు వేలాడేసి కూర్చోవచ్చునా అని.

కొసాయన ఎవరు కూర్చుంటారని అడగలేదు. కూర్చోవచ్చు తమ్ముడూ, గొలుసు రెండు పక్కలా వేద్దాం, ఎంత బరువైనా ఆగుతుంది అని మాత్రం అన్నాడు. ఆ రోజంతా గుమాస్తా కళ్లలో ఆ వెనక తలుపు మీద ఒకావిడ కూర్చుని, చెప్పులు విడిచేసి, వెనక్కి పరుగెత్తే రోడ్డుని చూస్తూ నవ్వుకుంటూ ఉంది. ఆవిడకి ఎప్పుడూ వెనక్కి తిరిగి కూర్చోవడమే ఇష్టం. రైల్లో కూడా అంతే. పోయేవాటిని చూడాలి, వచ్చేవి ఎలాగూ వస్తాయి అనేది.

సాయంత్రం ఇంటికి వచ్చాక ఆవిడ ఫోటోకి రోజువారీ సంగతులు చెప్పేవాడు. మీ బావ ఇవాళ మడతబందు తలకిందులుగా బిగించబోయాడు, నేను చూశాను కాబట్టి సరిపోయింది. ఇంత చేతకాని మనిషిని నేను చూడలేదు. నేను గనక ఒక్కరోజు మానేస్తే ఆ బండి కిందపడి పోతాడు. అలా చెబుతూ గడ్డం గీసుకునేవాడు. పొద్దున్న తొమ్మిదికల్లా తయారుగా ఉండాలి కదా.

ఖాళీ చేయడానికి ఇంక ఆరు రోజులే ఉన్నాయనగా గుమాస్తాకి గుబులు పట్టుకుంది. కుండీల్ని ట్రైలర్‌లో తెచ్చి కొసాయన పెరట్లో పెట్టాలన్న మాట ఎవరు ముందు అన్నారో తెలియదు గానీ అప్పటికి ఖాయమైపోయింది. ట్రైలర్ మాత్రం కాలేదు. ఎప్పుడడిగినా, అయిపోయినట్టే, నాలుగు బోల్టులు మిగిలాయి అంటాడు కొసాయన. ఆ నాలుగు బోల్టులు పదిరోజులుగా నాలుగే ఉన్నాయి.

తెల్లవారుతుండగానే గుమాస్తాకి మెలకువ వచ్చేసింది. ఇక లాభం లేదు, వెళ్లి గట్టిగా అడుగుదాం అనుకుని ఆరుగంటలకే కొసాయన ఇంటికి బయల్దేరాడు. పెరటి గోడ గుండె ఎత్తుకే ఉంటుంది. తలుపు తట్టబోతూ లోపలికి చూశాడు. చూసి, తట్టలేదు.

కొసాయన ఒక్కడే ఉన్నాడు. ట్రైలర్ కింద జాకీ పెట్టి, పాదంతో దాని పిడి తొక్కుతూ, బండిని పిల్లల ఉయ్యాలలా పైకి లేపాడు. ఒక పానాని రాయికి ఆనించి బోల్టు తల కదలకుండా ఇరికించి, రెండో పానాతో నట్టు బిగించాడు. టేపు కొసని మడమ కింద అదిమి, వంగి, కొలత చూసుకున్నాడు. ఆరడుగుల ఇనప పట్టీని భుజానికెత్తి, మోకాలితో నెట్టి, సరిగ్గా కన్నంలో కన్నం కూర్చోబెట్టాడు. చేసేదంతా చప్పుడు లేకుండా, తొందర లేకుండా, సన్నగా ఈల వేస్తూ చేశాడు. అరగంటలో ట్రైలర్ పూర్తయింది. చక్రాన్ని వేలితో తిప్పి, అది ఆగేదాకా చూస్తూ నిలబడ్డాడు. అది చాలాసేపు తిరిగింది.

తర్వాత లోపలికి తొంగిచూసి గడియారం చూసుకున్నాడు. మళ్లీ వచ్చి కూర్చుని, బిగించిన వాటిలో నాలుగు బోల్టులు ఒక్కొక్కటే విప్పి, నట్లు ఒక డబ్బా మూతలో పోశాడు. ట్రైలర్‌కి అవతలివైపు ఒక స్టూలు తెచ్చివేసి, తన భుజం మీది తువ్వాలుతో దాన్ని తుడిచాడు.

గుమాస్తా నెమ్మదిగా వెనక్కి తిరిగాడు. ముందు ఒళ్లు మండింది. రెండు నెలలు తనని స్టూలు మీద కూర్చోబెట్టి ఆటబొమ్మని చేశాడన్నమాట. ఆ కోపంతో రెండు వీధులు నడిచాడు. పాలబూత్ దగ్గర నర్సు డ్యూటీనుంచి వస్తూ ఎదురుపడి పలకరించింది, మీ అన్నయ్యగారి బండి ఎంతవరకు వచ్చిందని. చివరికి వచ్చిందన్నాడు. ఆవిడ నవ్వి, ఆయనకి నాలుగు చేతులు ఉండాలండీ, మనం లేకపోతే ఎలా అంది. అనేసి అదోలా చూసి వెళ్లిపోయింది. ఆ చూపు ఆయనతో పాటు మూడో వీధిలోకి వచ్చింది.

అక్కడ ఒక మూసిన కొట్టు అరుగు మీద కూర్చున్నాడు. కోపం కోసం వెతుక్కుంటే దొరకలేదు. ఈ రెండు నెలల్లో ఒక్కరోజు కూడా గడ్డం గీసుకోకుండా ఉండలేదని గుర్తొచ్చింది. ఒక్కపూట కూడా తిండి మానలేదు. తను లేకపోతే నడవని పని ఒకటి ఈ లోకంలో ఉందని నమ్మి, ప్రతిరోజూ చెప్పులు వేసుకున్నాడు. ఆ నమ్మకాన్ని రోజూ పొద్దున్నే ఒక మనిషి నాలుగు బోల్టులు విప్పి తనకోసం సిద్ధం చేసి పెట్టాడు.

తొమ్మిదింటికి వెళ్లి గేటు తీశాడు.

"రా తమ్ముడూ, నీకోసమే చూస్తున్నా. ఈ నాలుగు బోల్టులూ నా ఒక్కడివల్ల కావడంలేదు" అన్నాడు కొసాయన.

గుమాస్తా స్టూలు మీద కూర్చుని పానా అందుకున్నాడు. ఆ రోజు పట్టుకున్నంత శ్రద్ధగా ఆయన ఎప్పుడూ ఏ కొసా పట్టుకోలేదు.

కొసాయన భార్య, గుమాస్తాకి వదిన, టీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. "మరిదీ, ఈయన నిన్ను మరీ విసిగిస్తున్నారేమో. మొహమాటపడకుండా చెప్పు."

"ఏం చేస్తాం వదినా. చేతకాని మనిషి. వదిలేసి ఎలా పోను?"

ఆవిడ ఆయన ముఖంలోకి ఒక్కక్షణం చూసి, ఏదో మరిచిపోయినదానిలా గబగబా లోపలికి వెళ్లింది. వంటింట్లోంచి కొంగు నోటికి అడ్డంపెట్టుకుని నవ్వితే వచ్చే చప్పుడు వచ్చింది. కొసాయన ఇదేమీ గమనించనట్టు, ఇవాళతో అయిపోయింది, ఆదివారం కుండీలు తెద్దాం అన్నాడు.

ఆదివారం పొద్దున్న కొసాయన తన ముసలి కారుకి ట్రైలర్ తగిలించుకుని వచ్చాడు. నర్సు, మాస్టారు, యజమాని కూడా చెయ్యివేస్తే కుండీలన్నీ మేడ దిగాయి. వాటిని బండిలో సర్దడం గుమాస్తా ఎవరికీ ఇవ్వలేదు. ముప్పైరెండేళ్లు కాగితాల కట్టలకి వేసిన ముడిని ఇప్పుడు కుండీలకి వేశాడు. పెద్దవి అడుగున, చిన్నవి సందుల్లో, వరసకొక తాడు, తాడుకొక ముడి. కొసాయన ఒక ముడిని వేలితో లాగి చూశాడు. అది కదల్లేదు. ఇంకోటి లాగి చూశాడు.

ముందు సీట్లో కూర్చోమంటే గుమాస్తా వినలేదు. వెనక తలుపు కిందికి దించి, గొలుసులు తగిలించి, మొక్కల మధ్య వెనక్కి తిరిగి కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాడు. కారు నడక వేగంతో బయల్దేరింది. పాలవ్యాను కమానులు గతుకు గతుక్కీ మెత్తగా ఊగుతుంటే డెబ్బైరెండు కుండీల ఆకులు ఒకేసారి అటూ, ఒకేసారి ఇటూ ఊగాయి. భుజం పక్కన మల్లెతీగ చెంప మీద రాసుకుంటోంది. నిమ్మచెట్టుకి రెండు కాయలు ఉన్నాయి. ఎప్పుడు కాశాయో ఆయనకి తెలియదు. వీధి వెనక్కి జారిపోతోంది. పడగొట్టబోయే ఇల్లు, దాని నీలం కిటికీలు, మలుపు దగ్గరి దర్జీ కొట్టు, అన్నీ నీళ్లలో తేలుతున్నట్టు చిన్నవైపోతున్నాయి. బాల్కనీల్లో జనం బ్రష్షులు నోట్లో పెట్టుకుని, కదిలే తోటని చూస్తూ నిలబడిపోయారు. ఆయన పక్కన ఇంకొకరు కూర్చునే చోటు ఖాళీగా ఉంది. అక్కడ ఎండ పడుతోంది. పోయేవాటిని చూడటం ఇంత బాగుంటుందని ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా ఆయన ఎప్పుడూ అటు తిరిగి కూర్చోలేదు.

కొసాయన ఇంటి సందు మొదట్లో ఆ కల ఆగింది. పెరటి గేటులోకి ట్రైలర్‌ని వెనక్కి నడిపి పెట్టాలి. కొసాయన స్టీరింగు కుడికి తిప్పితే ట్రైలర్ ఎడమకి పోయింది. ముందుకి తీసుకుని ఎడమకి తిప్పితే కుడికి పోయి గేటు స్తంభాన్ని పలకరించింది. మూడోసారి అది తిన్నగా మాస్టారి ఇంటి మెట్లవైపు ప్రయాణం కట్టింది. డిపోలో ముప్పయ్యేళ్లు బస్సులు బాగుచేసిన మనిషికి ట్రైలర్‌ని వెనక్కి నడపడం మాత్రం రాదని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఆయనకే తెలియదు.

కొసాయన కారు దిగి, మెడ తుడుచుకుంటూ వెనక్కి వచ్చాడు.

"తమ్ముడూ, ఇది నా ఒక్కడివల్ల అయ్యే పని కాదు."

గుమాస్తా కదల్లేదు. "ఆ మాట రెండు నెలల నుంచీ వింటున్నాను."

"కాదు తమ్ముడూ. ఇప్పుడు నిజంగా."

అన్నాక గానీ ఏమన్నాడో కొసాయనకి తెలియలేదు. తువ్వాలు మెడ మీదే ఆగిపోయింది. క్రోటన్ల మధ్యనుంచి గుమాస్తా ఆయన్నే చూస్తున్నాడు.

"ఎప్పటినుంచి తెలుసు?"

"మంగళవారం నుంచి. గోడ మీంచి చూశాను."

"మరి చెప్పలేదేం?"

"చెబితే స్టూలు తీసేస్తారేమోనని."

కొసాయన తన చేతులు రెండూ ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకున్నాడు, తప్పంతా వాటిదే అన్నట్టు. గుమాస్తా తలుపు మీంచి కిందికి దిగి, తీరిగ్గా చొక్కా చేతులు మడిచాడు.

"మీరు వెళ్లి స్టీరింగు దగ్గర కూర్చోండి. నేను ఎటు అంటే అటు కాదు, దానికి వ్యతిరేకంగా తిప్పండి. కొంచెం కొంచెంగా."

"నీకెలా తెలుసు? నువ్వు సైకిలు తప్ప ఏదీ నడపలేదు కదా."

"ఇప్పుడు మూడుసార్లు అటూ ఇటూ ఊగింది నేనే కదా. మీకు ముందునుంచి ఏం కనిపించింది?"

కొసాయన వెళ్లి కూర్చున్నాడు. గుమాస్తా గేటు మధ్యలో నిలబడి చెయ్యి ఎత్తాడు. ఎడమ అన్నాడు, ఆగమన్నాడు, కాస్త కుడి అన్నాడు. తోట మొత్తం ఒక్కసారి వయ్యారంగా ఒళ్లు విరుచుకుని, గులాబీ కొమ్మ ఒక్కటి స్తంభానికి రాసుకోగా, పెరట్లోకి వచ్చి నిలిచింది. వరండాలోంచి వదిన చప్పట్లు కొట్టింది.

గుమాస్తా కారు కిటికీ దగ్గరికి వెళ్లి చూశాడు. కొసాయన స్టీరింగుని రెండు చేతులా పట్టుకుని, రెండు కళ్లూ గట్టిగా మూసుకుని ఉన్నాడు. గుమాస్తాకి నవ్వు ఆగలేదు. కారు పైకప్పు మీద చెయ్యి ఆనించి, వంగి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

"అయిపోయింది అన్నయ్యా, కళ్లు తెరవండి. కళ్లు మూసుకుని బండి నడుపుతారా ఎవరైనా?"

కొసాయన ఒక కన్ను తెరిచాడు.

"వెనక నువ్వు చూస్తున్నావుగా. ఇద్దరం చూడటం దేనికని."